చివరాయకట్టు కరెంటు

మా బావ వీరాస్వామి ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు అడగడు, ప్లగ్గు అడుగుతాడు. "బాగున్నారా అండీ?" అని మీరంటారు. "ఆఁ, బాగున్నామండి. మీ ఇంట్లో ప్లగ్గు ఏ గదిలో ఉందండి?" అని ఆయనంటాడు. ఆ ప్లగ్గేదో చూపించేస్తే ఇక మీ జోలికి రాడు. మీ మంచం వద్దు, మీ దిండు వద్దు, మీ దుప్పటి అసలే వద్దు. ఆయన ఇల్లు ఆయన వెంటే వస్తుంది. వచ్చి వీధి చివర చక్రాల మీద నిలబడుతుంది. దానికి కావలసిందల్లా కాస్త కరెంటు.

ఆ ఇంటి సంగతి చెప్పకపోతే మీకు అర్థం కాదు. ఒకప్పుడు మా బావవి తెనాలి నుంచి రేపల్లె దాకా బస్సులు తిరిగేవి. రూట్లన్నీ ప్రభుత్వం తీసేసుకున్నాక మిగతా బస్సులు అమ్మేశాడు గానీ ఒక్కదాన్ని మాత్రం చచ్చినా ఇవ్వనని కూర్చున్నాడు. సీట్లు పీకించాడు. మడతమంచం, కిరసనాయిలు స్టవ్వు, రేడియో, టేబులు ఫాను పెట్టించాడు. కిటికీలకి మా అక్క పాత చీరలు చించి తెరలు కట్టాడు. ముందున్న 'రేపల్లె' బోర్డు మాత్రం తీయలేదు. దాంతో ఏ ఊళ్ళో ఆపినా ఎవరో ఒకరు మూటతో సహా ఎక్కేసి, మా బావ బనీనుతో మంచం మీద పడుకుని ఉంటే చూసి, "ఇది ఎప్పుడు కదుల్తుందండి?" అని అడుగుతుండేవారు.

మా అక్క వసుంధర దాని మెట్టు కూడా ఎక్కలేదు. "బస్సులో కాపురం చెయ్యడానికి నేనేమన్నా కండక్టర్నా?" అని తెనాలిలో సొంతింట్లోనే ఉండిపోయింది. ఆయన చుట్టాల ఊళ్ళన్నీ తిరిగి, తిరిగీ తిరిగీ ఆవిడ దగ్గరికే వచ్చేవాడు.

బస్సు కంటే పెద్ద ఆస్తి ఆయన వైరు. బండిచక్రమంత చుట్ట. ఒక్కచోట కొన్నది కాదు. ఎక్కడ ముక్క దొరికితే అక్కడ అతికించాడు. కొంత ఎర్రది, కొంత పసుపుది, కొంత గుడ్డ తొడిగింది. అతుకు పడ్డ చోటల్లా పాత సైకిలు ట్యూబు చుట్టి దారంతో బిగించేవాడు. దాన్ని చూస్తే మా ఆయన సాంబశివరావుకి చెమటలు పట్టేవి. మా ఆయన కరెంటాఫీసులో క్లర్కు. ఇంట్లో బల్బు మార్చాలన్నా ఆఫీసు రూలు ఒకసారి మననం చేసుకుని స్టూలెక్కే మనిషి.

తెనాలిలో మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్ళి జరిగింది. సొంతిల్లు ఆ ఊళ్ళోనే ఉన్నా మా బావ బస్సు వదల్లేదు, పెళ్ళికూతుర్ని చూడక ముందే ప్లగ్గు చూసుకున్నాడు. వంటింట్లోంచి వైరు లాగి, పందిరి రాటల మీదుగా వీధి మలుపు తిప్పి బస్సులో ఫాను వేసుకున్నాడు. ముహూర్తం వేళకి మైకువాడు ఆ ప్లగ్గు పీకి తనది పెట్టుకున్నాడు. అంతే. పురోహితుడు మాంగల్యం మంత్రం ఎత్తుకోగానే మా బావ పందిట్లోకి దూసుకొచ్చి మైకు ముందు నిలబడి, "నా ఫాను ఎవరు పీకారండీ?" అన్నాడు. ఆ మాట తెనాలిలో సగం ఊరికి వినపడింది. పెళ్ళికొడుకు భయపడి, చేతిలో ఉన్న తాళి గబుక్కున కట్టేశాడు.

రేపల్లెలో స్నేహితుడు పున్నారావుగారి రైసుమిల్లు నుంచి కరెంటు లాగాడు ఇంకోసారి. మిల్లు మోటారు వేస్తే చాలు, బస్సులో బల్బు దోసగింజంత అయిపోయేది. మోటారు ఆపితే భగ్గుమనేది. పున్నారావుగారిని పట్టుకుని, "మీరు సరిగ్గా వార్తల టైముకి భోజనానికి లేవండి. నేను రేడియో వినాలి" అన్నాడు. ఆ పెద్దమనిషి లేచేవాడు కూడానూ! ధాన్యం బళ్ళవాళ్ళు గేటు దగ్గర ఆగి, "మిల్లెందుకు ఆగిందండి?" అంటే, "వీరాస్వామిగారు వార్తలు వింటున్నారు" అని గుమాస్తా చెప్పేవాడు.

"అంత దూరం నుంచి లాగితే కరెంటు ఎందుకు తగ్గుద్ది బావా?" అని ఒకసారి బుద్ధి తక్కువై అడిగాను. ఆ రోజు నా పప్పు మాడింది.

"కరెంటూ, కాలవ నీళ్ళూ ఒకటే మరదలా. తల దగ్గర జోరుగా పారుతుంది. దారంతా కాస్త కాస్త ఇంకిపోతుంది. పైగా మధ్యలో ఎవడన్నా గండి కొట్టాడనుకో, చివరాయకట్టుకి ఏం మిగుల్తుంది? బురద మిగుల్తుంది. నేను ఎక్కడున్నా చివరాయకట్టు రైతునే. అందుకే నా లైను మీద ఈగని కూడా వాలనివ్వను" అన్నాడు.

ఈగ సంగతేమో గానీ, మా పక్కింటి సామ్రాజ్యంగారు దాని మీద చీరలు ఆరేసేది. అదీ చూశాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక ఏడు వానాకాలం వెళ్ళే ముందు మా బావ బాపట్ల వచ్చాడు. సముద్రపు గాలి పీల్చుకుని పది రోజుల్లో వెళ్ళిపోతానన్నాడు. మా సందులోకి బస్సు పట్టదు. మా వెనకవీధి దాటి, ఇసకదిబ్బల వైపు సరుగుడు చెట్ల దగ్గర మాకు ఖాళీ స్థలం ఉంది. బస్సు అక్కడ పెట్టాడు. మా ఆయన ఒక పూటంతా ఆలోచించి, "మన మీటరు, మన స్థలం. రూలు ప్రకారం ఫర్వాలేదు అన్నయ్యా. కానీ మధ్యలో ఇంకొకళ్ళ ఇంటికి చుక్క కరెంటు వెళ్ళకూడదు. వెళ్ళిందంటే నా ఉద్యోగానికే ఎసరు" అన్నారు.

"నా లైను మీద ఎవరు చెయ్యేస్తారయ్యా!" అని మా బావ మీసం దువ్వుకున్నాడు.

వైరు మా వెనక వరండా కిటికీలోంచి బయల్దేరి, మునగచెట్టెక్కి, సామ్రాజ్యంగారి గోడ మీదుగా వెదురు గడల మీదికి దూకి, రత్తమ్మ తాటాకింటి చూరు పక్కనుంచి దిబ్బలెక్కి బస్సు చేరింది. ఇంత దూరం ప్రయాణం చేసి చేరిన కరెంటుకి ఫాను మొదటి రోజు మర్యాదగానే తిరిగింది. బాపట్ల దోమల సంగతి తెలిసినవాళ్ళకి ఫాను విలువ చెప్పనక్కర్లేదు. ఆ దిబ్బల దగ్గర దోమలు మనిషిని మంచంతో సహా లేవదీసుకుపోతాయి.

ఇక రత్తమ్మ. ఊరంతా చేపలమ్మి బతికిన మనిషి. మొగుడు గంగయ్య ఒకళ్ళ పడవ మీద కూలికి వెళ్ళేవాడు. మోకాళ్ళు పట్టేసి గంప మొయ్యలేని రోజు వచ్చేసరికి బ్లాకాఫీసువాళ్ళు ఇచ్చే తెల్లకోళ్ళ పిల్లల్ని తెచ్చుకుంది. ఆ తెల్లకోళ్ళు గుడ్లు పెట్టడమే గానీ పొదగడం ఎరగవు. కనక పిల్లలకి తల్లి ఉండదు. రెక్కలొచ్చేదాకా వెచ్చగా ఉంచాలి. మొదటిసారి తెచ్చినవి వానకి చలి పట్టి ఒక్కటీ మిగల్లేదు. రెండోసారి ఇస్తూ బ్లాకాఫీసాయన, "ఇవీ పోతే నీ పేరు కొట్టేస్తాం రత్తమ్మా. మళ్ళీ అడగొద్దు" అన్నాడు. ఆ పిల్లలు వచ్చిన మర్నాడే ముసురు పట్టింది.

రత్తమ్మ తడుస్తూ మా ఇంటికొచ్చింది. "అమ్మగారూ, లాంతరు పెడితే పొగకి తుమ్ముతున్నాయండి. మీ బావగారి తీగ మా చూరు పక్కనే పోతంది. ఒక్క బలుపు ఎలిగించుకోనిస్తే నా పిల్లలు బతుకుతాయండి. ఇయ్యి కూడా పోతే మళ్ళీ గంపెత్తాల. ఈ మోకాళ్ళతో ఏడికి పోతానమ్మా?" అంది.

నాకు మనసు ఆగలేదు. అప్పుడే మా బావ, మా ఆయన వరండాలో కాఫీ తాగుతున్నారు. రత్తమ్మని తీసుకెళ్ళి వాళ్ళ ముందే నిలబెట్టి సంగతంతా చెప్పాను. మా ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. మా బావ మాత్రం ఒక్కసారిగా జిల్లా కలెక్టరైపోయాడు.

"కుదరదమ్మా. చివరాయకట్టు రైతుని నేను. నువ్వొక గండి కొడితే నా ఫాను ఆగిపోతుంది. పైగా రూలు ఒప్పుకోదు. ఏం సాంబశివా?"

"ఒప్పుకోదండి" అన్నారు మా ఆయన, గ్లాసులోకే.

రత్తమ్మ కొంగు పిండుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. "ఛీ! కోడిపిల్లల కంటే నీ ఫాను ఎక్కువా బావా? నీకసలు గుండె ఉందా, దానికీ ప్లగ్గు కావాలా?" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి గబగబా బస్సు వైపు వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆయన కాఫీలో పంచదార వెయ్యలేదు నేను. తాగేసి, "బాగుంది మరదలా" అన్నాడు!

మర్నాటి నుంచి వాన పెరిగింది, మా బావ ఫాను తగ్గింది. నేను గొడుగు వేసుకుని క్యారేజీ తీసుకెళ్తే, ఆ ఫాను రెక్కలు ఒక్కొక్కటే వచ్చి పలకరించి వెళ్తున్నాయి. బల్బులో తీగె ఎర్రగా కనపడుతోంది గానీ వెలుగు లేదు. రేడియో గొంతు నొక్కినట్టు మూలుగుతోంది. ఇక మా బావ మొహం చూస్తే దోమలు కుట్టి కుట్టి పనసకాయ అయి ఉంది.

"ఏంటి బావా ఇది?"

"వోల్టేజీ డ్రాపు" అన్నాడు, చెంప మీద చరుచుకుంటూ. "ఉడతలు కొరికి ఉంటాయి."

"మా ఆయన్ని పిలుస్తానుండు. లైనంతా చూస్తారు."

"వద్దొద్దు! ఆయన్ని పిలవకు. వానలో ఆయనెందుకు పాపం? నా లైను, నేనే చూసుకుంటా. ఎవ్వరూ దాని దగ్గరికి రావొద్దు" అని అంత పెద్ద మనిషి కంగారుపడిపోయాడు. నాకేం తెలుసు? తిక్క ముదిరిందనుకున్నాను. 'కోడిపిల్లల ఉసురు తగిలింది, బాగా అయింది' అని కూడా అనుకున్నాను. రత్తమ్మ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్తున్నా లోపలికి తొంగి చూసే ధైర్యం చాల్లేదు. చచ్చిన పిల్లల్ని ఏం చూస్తాం?

పది రోజులన్న మనిషి నెల దగ్గర పడుతున్నా కదలకపోయేసరికి మా అక్క తెనాలిలో రైలెక్కి దిగింది. సరుగుడు చెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. బస్సులో మా బావ లేడు. ఫాను మాత్రం ఏదో తిరగాలి గనక అన్నట్టు తిరుగుతోంది. మంచం చుట్టూ దోమలు కచేరీ పెట్టాయి. అక్క బయట నిలబడే అంతా చూసింది.

"ఉడతలంట అక్కా" అన్నాను.

"ఉడతలా, నీ మొహమా! ముప్పై మంది ఎక్కిన బస్సుకి పది టిక్కెట్ల లెక్క చూపించిన కండక్టర్లని పట్టుకున్నదాన్ని నేను. ఈ లైను మీద ఎవరో టిక్కెట్టు లేకుండా ఎక్కుతున్నారు. పద!" అంది.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వైరు వెంట నడిచింది మా అక్క. నేను గొడుగు పట్టుకుని వెనకాల. ఒక్కొక్క అతుకూ తలెత్తి చూస్తోంది. దిబ్బ దిగాం. రత్తమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి అక్క ఆగింది. చూరు పక్కనుంచి పోవలసిన వైరు చూరు లోపలికి దూరి, అవతలి పక్కనుంచి బయటికొస్తోంది. తాటాకు కప్పి ఉండబట్టి మామూలుగా వెళ్ళేవాళ్ళకి కనపడదు.

"దొరికాడు!" అంది అక్క. తలుపు తడిక తోసింది.

లోపల పెళ్ళిపందిరంత వెలుతురు. రత్తమ్మ చేపల గంప బోర్లించి ఉంది. దాని కన్నాల్లోంచి పసుపుపచ్చటి కాంతి చారలు చారలుగా నేల మీద పడుతోంది. కిచకిచమని ఒకటే గోల. గంప పక్కన గొంతుకూర్చుని, దాని మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు మా బావ. వేడి సరిపోయిందో లేదో చూస్తున్నాడట!

"ఏవండీ!" అంది మా అక్క.

"ష్ష్! ఇప్పుడే నిద్రపోతున్నాయి" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

రత్తమ్మ గబగబా లేచి నాకు చేతులు జోడించింది. "చెప్పొద్దన్నారమ్మగారూ. ఆ రోజు నేను మీ ఇంటి నుంచి కొంపకొచ్చేలోగా అయ్యగారే బలుపులు జేబులో ఏసుకొచ్చి కూకున్నారు. ఒకటి చాలండీ అంటే ఇనలేదు. కరెంటు నీరసంగా ఉంది, ఒకటి చాలదని నాలుగు తగిలించారు. ఒక్క పిల్ల పోలేదమ్మా. ఒక్కటి పోలేదు" అంది. అంటూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఎంత మంచివాడివి బావా అనబోయి, అలవాటు కొద్దీ, "మరి ఆ రోజు అందరి ముందూ అంత నాటకమెందుకు ఆడావు?" అని కసిరాను.

"మీ ఆయన ముందు అడిగావు మరదలా! అక్కడ సరేనంటే పాపం అతనేం చెయ్యాలి? ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, కాదంటే ఈ పిల్లలు పోతాయి. అందుకని కాదనేదేదో నేనే అన్నా. మీ ఆయనకి మాత్రం చెప్పకండర్రా, నిద్రపోడు."

మా అక్క ఆయన మొహంలోకి చూసింది. ఒక్క చోట కూడా దోమకాటు లేని చర్మం కనపడలేదు. "కొబ్బరినూనె తెస్తానుండండి" అంది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండగా పెళ్ళిలో కూడా వినలేదు నేను.

ఆ పూట ముగ్గురం కూడబలుక్కుని మా ఆయన ముందు ఏమీ ఎరగనట్టు కూర్చున్నాం. నేను వడ్డిస్తున్నాను. బావ మునక్కాడ నములుతున్నాడు. మా ఆయన పెరుగు కలుపుకుంటూ మెల్లిగా నోరు విప్పారు.

"అన్నయ్యా, రత్తమ్మ చూరు కింద మీరు వేసిన అతుకు ఉంది చూడండి, దాని ట్యూబు ఊడిపోయింది. నీళ్ళు కారుతున్నాయి. పొద్దున ఆఫీసుకి వెళ్తూ గట్టిగా చుట్టేసి వెళ్ళాను."

మా బావ నోట్లో మునక్కాడ అలాగే ఉండిపోయింది. "నీకు... నీకు తెలుసా?"

"మీటర్లు చూసి బతికేవాణ్ణి. నా మీటరు అలా పరుగెడుతుంటే తెలియదా అండీ?"

"మరి రూలో?"

"నేనేం చూళ్ళేదు కదా. చూస్తే రిపోర్టు రాయాలి. కళ్ళు మూసుకుని చుట్టాను" అన్నారు మా ఆయన. అని, "ప్రమీలా, ఇంకాస్త పెరుగు" అన్నారు. నేను గిన్నె మొత్తం బోర్లించాను.

ముసురు వదిలాక బ్లాకాఫీసాయన వచ్చాడు. గంప ఎత్తి చూశాడు. తెల్లటి రెక్కలు మొలిచిన పిల్లలు నాలుగు పక్కలా పరుగెత్తాయి. "ఈ వానల్లో మా ఆఫీసు షెడ్డులోవే సగం పోయినయ్. నీవి ఎట్లా బతికాయమ్మా?" అన్నాడు. రత్తమ్మ మా వైపు చూసింది. మా ఆయన ఆకాశంలోకి, మా బావ నేల మీదికి చూస్తున్నారు. "దేవుడి దయ బాబూ" అంది రత్తమ్మ. ఆయన తల పంకించి, ఇంకో విడత పిల్లలకి కూడా ఆవిడ పేరు రాసుకుని వెళ్ళాడు. ఆవిడ ఇక గంప ఎత్తనక్కర్లేదు.

రెక్కలొచ్చాయి కాబట్టి ఇక వేడి అక్కర్లేదు. మా బావ బల్బులు విప్పేసి, వైరు మళ్ళీ చూరు బయటికి లాగేశాడు. ఆ సాయంత్రం బస్సులో ఫాను వేస్తే అబ్బో, ఏం తిరగడం! కిటికీ తెరలు ఎగిరిపోయాయి. రేడియో వీధి చివరికి వినపడింది. ఒక్క దోమ దగ్గరికి రాలేదు. ఇన్నాళ్ళకి ఈ మనిషి హాయిగా పడుకుంటాడులే అని మేమందరం సంతోషించాం.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు పొద్దున్నే క్యారేజీ తీసుకుని వెళ్తూ ఉంటే, మా బావ రత్తమ్మ గుమ్మంలో ఎర్రబడ్డ కళ్ళతో నిలబడి కనపడ్డాడు. లోపలికి తొంగి చూస్తూ అడుగుతున్నాడు.

"కొత్త పిల్లల్ని ఎప్పుడు తెస్తున్నావమ్మా? ఆ ఫాను మరీ తిరుగుతోంది. నిద్ర పట్టడం లేదు."